పదవి లేని నాయకుడు – గిడుగు రామమూర్తి పంతులు

నాయకుడు అనగానే మన మనస్సులో ఒక రూపం మెదలుతుంది. ఎత్తైన వేదిక, గంభీరమైన కంఠం, ఎదుట వేలాది జనం, ఆ జనాన్ని ఒక్క మాటతో కదిలించగల ఆకర్షణశక్తి – ఇవి లేనివానిని నాయకుడని పిలవడానికి మనకు నోరు రాదు. అయితే మన ఉత్తరాంధ్ర సీమలో పుట్టిన ఒక బడిపంతులుకు వీటిలో ఏదీ లేదు. పదవి లేదు, ధనం లేదు, వెంట నడిచే దండు లేదు. సగం జీవితం చెవులు కూడా సరిగా వినిపించలేదు. అయినా ఈనాడు ఈ సంచికలో నేను వ్రాస్తున్న వాక్యం ఇట్లా ఉండడానికి, మీరు పరీక్షలో వ్రాసే వాక్యం అట్లా ఉండడానికి ఆయన నాయకత్వమే ముఖ్యకారణాలలో ఒకటి. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29వ తేదీన వంశధారా తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. నేడది శ్రీకాకుళం జిల్లా. ఆనాడు గంజాం జిల్లాలో భాగం. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయింది. 1875లో అక్కడే మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. మేనమామ గారి ఇంట ఉండి విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకొని 1879లో మెట్రిక్యులేషన్ నెగ్గారు. ఆ బడిలో ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరు బాలురు ముప్పై ఏళ్ళ తరువాత తెలుగు వచనానికి కొత్త దారి వేస్తారని ఆ ఉపాధ్యాయులలో ఒక్కరైనా ఊహించి ఉండరు.

కుటుంబభారం మీద పడినందువల్ల 1880లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. చరిత్ర ఆయనకు ప్రీతిపాత్రమైన విషయం. ముఖలింగం దేవాలయంలోని శాసనాలను చదవడానికి లిపులన్నీ స్వయంగా నేర్చుకున్నారు. గంగరాజుల శాసనాలను గూర్చి పండిత పత్రికలలో వ్యాసాలు ప్రకటించారు. ప్రాచీన కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. ఈ శాసనాల చదువు వట్టి వ్యాసంగంగా మిగలక, తరువాతి కాలంలో ఆయనకు ఆయుధమైంది.

నాయకత్వాన్ని గూర్చి మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పిన మాటలను ఇక్కడ కొంచెం తలచుకోవాలి. 1840లో థామస్ కార్లైల్ అనే స్కాటిష్ రచయిత ఉపన్యాసాలిచ్చి, చరిత్రను నడిపేది మహాపురుషులే అని ప్రతిపాదించాడు. ఆ మహాపురుషులలో ఉండే ప్రత్యేక లక్షణాలు ఏవి అన్న అన్వేషణ ఆ దారిలోనే సాగింది. ఎత్తు, తెలివి, వాగ్ధాటి, ఆత్మవిశ్వాసం – ఇట్లా పరిశోధకులు కొలవనిది లేదు. 1948లో రాల్ఫ్ స్టాగ్డిల్ అనే అమెరికన్ ఆ పరిశోధనలనన్నింటినీ ఒకచోట చేర్చి పరిశీలించి, కొన్ని లక్షణాలు ఉన్నంత మాత్రాన ఎవడూ నాయకుడు కాజాలడని, ఒక సందర్భంలో నాయకుడైనవాడు మరొక సందర్భంలో కాకపోవచ్చునని తేల్చాడు. మనిషిని మాత్రమే చూస్తే చాలదు. ఆ మనిషి ఎవరి మధ్య, ఏ పనికై, ఏ స్థితిలో నిలిచాడో చూడాలి. రామమూర్తి గారి జీవితం ఈ మాటను పరీక్షించడానికి చాలా అనువైనది. ఎందుకంటే ఆయన ఒకే స్వభావంతో మూడు పనులకు పూనుకున్నారు. ఆ మూడింటి ఫలితాలు మూడు విధాలుగా ఉన్నాయి.

మొదటిది సవరల పని. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారు సంతకు వచ్చినప్పుడు వారి మాట ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా ఎవరికీ లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని రామమూర్తి గారు తన ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. కొండలలో తిరిగారు. మన్యపు జ్వరం పట్టుకొన్నది. ఆ జ్వరానికి మితిమీరి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. ఆ లోపం జీవితాంతం వదలలేదు. మాట్లాడే భాషకై పోరాడిన మనిషి ఒక మాట్లాడే భాషను నేర్చుకోబోయి వినికిడిని పోగొట్టుకోవడం కంటే విధివిలాసం ఏముంటుంది!

ఆయన అక్కడ ఆగలేదు. సవర భాషలో వాచకాలు వ్రాశారు. సొంత డబ్బు పెట్టి బడులు నడిపించారు. సవర విద్యార్థులకు తన ఇంటనే వసతి, భోజనం ఏర్పాటు చేశారు. ఆ కాలపు బ్రాహ్మణ గృహంలో అది సామాన్యమైన సాహసం కాదు. మద్రాసు ప్రభుత్వం ఆయన కృషిని మెచ్చి ధన పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి నడపమని కోరి తాను స్వీకరించలేదు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథాన్ని, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ఆయన వెలువరించారు. చివరి గ్రంథం నాటికి ఆయన వయస్సు 75 సంవత్సరాలు.

నా ఉద్దేశంలో రామమూర్తి గారి భాషావాదానికి పునాది పడినది ఈ కొండలలోనే. సవర భాషకు ఆనాడు వ్రాత లేదు, వ్యాకరణం లేదు, పండితులు లేరు. అయినా దానికి నియమం ఉన్నది. తప్పు మాట్లాడితే సవర పిల్లవాడు కూడా పసిగడతాడు. భాష ఉండేది పుస్తకంలో కాదు, ప్రజల నోట అన్న సత్యం ఆయనకు అక్కడ ప్రత్యక్షమై ఉండాలి. అది తెలిసినవాడు తిరిగి వచ్చి తెలుగు బడిలో అడుగుపెడితే ఏం కనబడుతుంది?

కనబడినది ఇది. పిల్లవాడు ఇంట్లో వస్తున్నాడు అంటాడు; బడిలో వచ్చుచున్నాడు అని వ్రాయాలి. ఇంట్లో చేశాడు అంటాడు. బడిలో చేసెను అనాలి. అరసున్నలు, సరళాదేశాలు తప్పితే మార్కులు పోతాయి. 1858లో చిన్నయసూరి గారు రచించిన బాలవ్యాకరణం ప్రమాణంగా, కావ్యభాషకు ఏర్పడిన నియమాలను చరిత్రపాఠం, భూగోళపాఠం వ్రాసే పిల్లవాడి మీద కూడా రుద్దారు. పిల్లవాడి శక్తి అంతా విషయం మీద గాక క్రియారూపాల మీద ఖర్చు అయ్యేది. (ఈ ఖర్చు అన్న మాట కూడా మన ఉర్దూ శాఖవారి సొత్తే. జవాబు, కాగితం, రాజీనామా, వకీలు – ఇవన్నీ తెలుగువారి నోట నలిగిన మాటలు. మాట్లాడే భాషకు తలుపు మూస్తే వీటిలో ఎన్ని బయటనే నిలిచిపోయేవో!)

1906 ప్రాంతాన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులకు పాఠశాలల పరిశీలనాధికారిగా వచ్చాడు. బడిలో చెప్పే తెలుగుకూ బజారులో వినబడే తెలుగుకూ ఇంత భేదమెందుకని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదగినవారు విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు అని సూచించారు. అట్లా నలుగురు కలిశారు. యేట్స్‌కు అధికారం ఉన్నది. అయ్యంగారికి కళాశాల ఉన్నది. గురజాడకు ప్రతిభ ఉన్నది – కన్యాశుల్కం అప్పటికే 1897లో అచ్చయింది. రామమూర్తి గారికి ఉన్నది ఓపిక. ముగ్గురి బలాలూ కాలక్రమాన తప్పుకున్నాయి. మిగిలినది ఓపిక.

1907 నుండి ఆయన ఉపాధ్యాయ సభలలో వ్యావహారిక భాషను గూర్చి మాట్లాడసాగారు. అప్పటికి వయస్సు 44. నాలుగేళ్ళకు, 1911లో, ముప్పై ఏళ్ళ ఉద్యోగం విడిచి పూర్తికాలం ఈ పనికే ఇచ్చివేశారు. అదే సంవత్సరం మద్రాసులో జయంతి రామయ్య పంతులు గారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసి గ్రాంథిక పక్షానికి కోటగా నిలిచింది. ఆ తరువాత స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో ఆధునిక భాషను కూడా వాడవచ్చునన్న అనుమతి రాగా పండితలోకం అట్టుడికినట్లు ఉడికింది. సభలు, తీర్మానాలు, ప్రభుత్వానికి విన్నపాలు. 1913లో రామయ్య పంతులు గారు గ్రాంథిక భాషను సమర్థిస్తూ ఒక ఇంగ్లీషు గ్రంథాన్ని, రామమూర్తి గారు ఆధునిక భాషను సమర్థిస్తూ మరొక ఇంగ్లీషు గ్రంథాన్ని ప్రకటించారు. తెలుగును గూర్చిన తగవు ఇంగ్లీషులో సాగడం ఆ కాలపు విచిత్రం! విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో నెగ్గినది గ్రాంథిక పక్షమే. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి సంవత్సరం నవంబరు 30న కన్నుమూశారు. ఉద్యమం ఓడినట్లే లెక్క.

ఓడిన నాయకుడు ఏం చేయాలి? ఇక్కడ మరొక పరిశోధనను తలచుకోవడం ఉచితం. 1969లో ఫ్రాన్సులో సెర్జ్ మాస్కోవిసి అనే మనస్తత్వవేత్త, తన సహచరులతో కలిసి, ఆరుగురిని కూర్చోబెట్టి నీలిరంగు బొమ్మలు చూపించి ఏ రంగని అడిగాడు. ఆరుగురిలో ఇద్దరు ముందే ఏర్పాటు చేసుకున్నవారు. వారు ప్రతిసారీ ఆకుపచ్చ అని చెప్పారు. తక్కిన నలుగురూ కళ్ళెదుట నీలం కనబడుతున్నా నూటికి సుమారు 8 పర్యాయాలు ఆకుపచ్చ అన్నారు. ఆ ఇద్దరూ ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నీలం అని మాట మార్చినప్పుడు మాత్రం వారి ప్రభావం దాదాపు శూన్యం. మన కళాశాలలో అల్పసంఖ్యాకులు అన్న మాటను మనం మరొక అర్థంలో వాడుతాము. ఆ శాస్త్రజ్ఞుని దృష్టిలో అది అభిప్రాయంలో కొద్దిమందిగా ఉన్నవారికి పేరు. కొద్దిమంది ఎక్కువమందిని కదిలించాలంటే వారికి కావలసినది అధికారం కాదు, మాట మీద నిలకడ. అయితే ప్రయోగశాలలోని ఇద్దరూ చెప్పినది అబద్ధం. రామమూర్తి గారు తన నిలకడకు సాక్ష్యాన్ని కూడా జోడించారు.

ఆ సాక్ష్యం ఎటువంటిదో చూడండి. వ్యావహారికం మేలైనదని వాదించడంతో ఆయన తృప్తిపడలేదు. ప్రతిపక్షం ఏ గ్రంథాలను పూజిస్తుందో ఆ గ్రంథాలనే తెరిచారు. వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు మహాకవులలో ఎన్ని ఉన్నవో ఏరి బాలకవి శరణ్యం కూర్చారు. పూర్వులు శాసనాలలో, వ్యాఖ్యానాలలో, లేఖలలో వాడుక భాషలోనే వచనం వ్రాశారని చూపడానికి గద్యచింతామణి సంకలనం చేశారు. గ్రాంథికం వ్రాయమని శాసించే పండితులే తమ రచనలలో ఎక్కడెక్కడ తప్పులు చేశారో ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజంలో వరుసగా ఎత్తిచూపారు. గ్రాంథికాన్ని నిర్దుష్టంగా వ్రాయగలవారు పండితులలోనే లేకపోగా పన్నెండేళ్ళ పిల్లవాడిని అందుకు ఎట్లా శిక్షిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం సులభం కాదు.

నాయకుని ప్రభావానికి ఆధారాలు అయిదు అని 1959లో ఫ్రెంచ్, రేవెన్ అనే ఇద్దరు వివరించారు. బహుమానం ఇవ్వగల శక్తి, శిక్షించగల శక్తి, పదవి వల్ల వచ్చే హక్కు, మనిషి మీది అభిమానం, అతని విషయజ్ఞానం మీది నమ్మకం. మొదటి మూడూ రామమూర్తి గారికి లేనేలేవు. నాలుగవది కూడా కొంత సందేహమే. ఆయన కోపిష్ఠి, వాదంలో ఎదుటివాడిని విడిచిపెట్టే గుణం లేదు, ప్రాసలంటే మక్కువ గల మనవారు గిడుగును పిడుగు అన్నారు. తప్పులెన్నేవాడిని ప్రేమించడం ఎవరికైనా కష్టమే. కనుక ఆయన నిలిచినది ముఖ్యంగా ఆ అయిదవ కాలు మీద. ఒంటికాలి మీద ముప్పై ఏళ్ళు నిలవడం తపస్సే కదా.

1958లో ఎడ్విన్ హాలెండర్ చెప్పిన మరొక సంగతి కూడా ఇక్కడ సరిపోతుంది. ఒక సమూహం తన ఆచారాన్ని మార్చుకొమ్మని చెప్పే హక్కును, ముందుగా ఆ ఆచారంలో తన యోగ్యతను నిరూపించుకున్నవాడికే ఇస్తుందట. కావ్యాలు చదవలేనివాడు కావ్యభాష వద్దంటే నవ్వి ఊరుకుంటారు. కావ్యాలూ శాసనాలూ ఆపోశనం పట్టినవాడు వద్దంటే వినక తప్పదు. ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఇది కొత్త కాదు. ఫారసీలో ప్రౌఢకవిత్వం చెప్పిన మీర్జా గాలిబే మిత్రులకు ఎదుట కూర్చొని మాట్లాడినట్లు ఉర్దూలో లేఖలు వ్రాశాడు. ఆ లేఖలు 1868, 1869 సంవత్సరాలలో సంపుటాలై ఉర్దూ వచనానికి దారి చూపాయి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో పత్రిక పెట్టి సులభ వచనాన్ని దేశమంతటా నాటాడు. అక్కడ ఇద్దరు చేసిన పని ఇక్కడ గురజాడ, గిడుగు చేశారనుకుంటే పెద్ద తప్పు లేదు.

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా పరివర్తక సమాజం ఏర్పడింది. అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులు గారు. కార్యదర్శి రామమూర్తి గారు. వీరేశలింగం గారు అంతకు ముందు గ్రాంథికం వైపు ఉన్నవారు. డెబ్బై ఏళ్ళు నిండిన పెద్దవాడు, తన పేరే ఒక సంస్థ అయినవాడు, తన అభిప్రాయం మార్చుకొని ఆ పీఠం మీద కూర్చున్నాడంటే అది గెలుపు కాక మరేమిటి? మూడు నెలలకే, మే 27న, ఆయన మరణించారు. ఆ సంవత్సరమే రామమూర్తి గారు తెలుగు అనే పత్రికను ప్రారంభించారు. అది ఒక్క ఏడాదే నడిచింది. పత్రిక ఆగినా పని ఆగలేదు. 1924లో, అప్పటికి కాకినాడ చేరిన ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికంపై తన నిషేధాన్ని ఎత్తివేసింది. 1925లో తణుకు సభలో ఆయన నాలుగు గంటలపాటు ప్రసంగించి సభను తన వైపు త్రిప్పుకున్నారు. వినికిడి లేనివాని మాటను నాలుగు గంటలు విన్న సభ కూడా ధన్యమైనదే.

ఇంతవరకు చదివి, ఓపిక, పాండిత్యం, నిలకడ ఉంటే ఏ నాయకుడైనా గెలుస్తాడని విద్యార్థులు అనుకోవచ్చు. మూడవ కథ విన్న తరువాత అట్లా అనుకోరు.

పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి గారు ఒరియా ప్రాంతాలన్నీ ఒక రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి అగ్రనాయకులు. 1930లో లండన్ రౌండ్ టేబిల్ సమావేశానికి కూడా వెళ్ళి ఆ కోరికను వినిపించారు. పర్లాకిమిడిలో, దాని పరిసరాలలో తెలుగువారు విస్తారంగా ఉన్నారు గనుక ఆ ప్రాంతాన్ని ఒరిస్సాలో చేర్చరాదని రామమూర్తి గారు ఎదురు నిలిచారు. తాను ఎవరి బడిలో ముప్పై ఏళ్ళు జీతం తీసుకున్నారో ఆ సంస్థానానికే ఎదురు నిలవడం! ప్రజలను కూడగట్టారు, లెక్కలు, సాక్ష్యాలు సేకరించారు. అదే మనిషి, అదే ఓపిక, అదే పద్ధతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించింది. సంస్థానంలో కొంత భాగం మద్రాసు రాష్ట్రంలో మిగిలినా పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాకు పోయింది. 73వ ఏట ఆయన, యాభై ఆరేళ్ళుగా ఉన్న ఊరు విడిచి, రాజమహేంద్రవరం వచ్చి ఉన్నారు.

ఈ రెండు పోరాటాల ఫలితాలు ఎందుకు వేరయ్యాయి? నాకు తోచినది చెబుతాను. భాష విషయంలో ఆయన మాట నమ్మిన ప్రతివాడూ ఆ సాయంత్రమే ఇంటికి పోయి తన చేతిలోని కలంతో ఆ నమ్మకాన్ని అమలు చేయగలడు. కవి వ్రాశాడు, కథకుడు వ్రాశాడు, ఉత్తరం వ్రాసే గృహిణి వ్రాసింది. ఎవరి అనుమతీ అక్కరలేదు. పరీక్షాధికారి ఒక్కడే అడ్డు, అతడు మారడానికి కాలం ఉన్నది. సరిహద్దు విషయం అట్టిది కాదు. ఎంతమంది నమ్మినా గీత గీసేది దూరాన ఉన్న ప్రభుత్వం. గీసిన తరువాత తిరిగి చర్చ లేదు. అనుచరులు తమంతట తాము చేయగల పని ఉన్నచోట ఆయన నాయకత్వం ఫలించింది. నిర్ణయం ఒక సంతకంలో ఉన్నచోట ఫలించలేదు. సవరల పనిలోనైతే ఆయనకు ప్రభుత్వ మన్నన దొరికింది గాని వెంట నడిచి ఆ పనిని అందుకునే ఉపాధ్యాయబృందం తగినంతగా దొరకలేదు. ఆయన శ్రమ ఎక్కువగా గ్రంథాలలో నిలిచింది. ముగ్గురు వేర్వేరు నాయకులను చూసినట్లుంటుంది, మనిషి మాత్రం ఒక్కడే. స్టాగ్డిల్ అమెరికాలో లెక్కలు వేసి తేల్చిన విషయానికి వంశధార ఒడ్డున ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ప్రభుత్వం ఆయనకు 1913లో రావ్ సాహెబ్ బిరుదును, 1934లో కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకాన్ని ఇచ్చింది, ఆయన తీసుకున్నారు. జాతీయోద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజులలో దీనిని కొందరు మెచ్చకపోవచ్చు. దాచవలసిన పని లేదు. ఆయన పోరాడినది మరొక రంగంలో. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. నేడు ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజున మన వేదికల మీద వినిపించే ఉపన్యాసాలలో కొన్నింటి భాషను ఆయన వింటే మళ్ళీ పిడుగు అవుతారేమో!

సాహిత్యంలో దారి ఏర్పడినా దినపత్రికలు అప్పటికి ఇంకా చాలావరకు పాత భాషనే అంటిపెట్టుకొని ఉండేవి. ప్రజలు రోజూ చదివేది పత్రికలు. అవి మారితే తప్ప పని పూర్తికాదని రామమూర్తి గారికి తెలుసు. 1940 జనవరిలో, 77వ ఏట, జబ్బుతో ఉండి కూడా మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికలవారిని కలుసుకొని, వార్తలు వాడుక భాషలో వ్రాయమని చివరిసారి అర్థించారు. వారం రోజులకు, జనవరి 22న, మరణించారు. ఆ పాత్రికేయులలో ఎవరూ ఆయన శిష్యులు కారు, ఆయన ఆజ్ఞకు బద్ధులూ కారు. తరువాతి దశాబ్దాలలో తెలుగు పత్రికలు ఒకదాని వెంట ఒకటి వాడుక భాషలోకి వచ్చాయి.